తగువులమారి కణాలు

రెండోసారీ కడుపు నిలవలేదు. రాయ్‌పూర్ డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "మీ రక్షణ కణాలు పంపుకునే సంకేతాలు, సైటోకైన్లంటాం, మితిమీరాయి. బిడ్డను శత్రువనుకుంటున్నాయేమో. మందు వాడి చూద్దాం" అంది.

కాలనీ కుళాయి దగ్గర నేను తగువాడని మనిషి లేదు. నా కణాలకూ నా బుద్ధే వచ్చిందని నవ్వుకున్నాను. మా అత్తగారు రూతమ్మ దెప్పకుండా ఊరుకోదని, దారంతా జవాబులు తయారుచేసుకుంటూ ఇంటికొచ్చాను.

అంతా విని ఆవిడ, "అయితే నీ గల్తీ ఏం లేదా?" అంది.

"లేదత్తయ్యా. ఒంట్లో సంగతది."

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీ ఆయనకి ముందు నాకు ముగ్గురు కడుపులోనే పోయారు. గల్తీ నాదేనని మీ మావయ్య ఇప్పటికీ అంటారు. ఉండు, పిలుస్తాను. ఆయనకి కూడా చెప్పమ్మా."