చెప్పనివ్వని సాక్ష్యం

ఆదరణ కూడికలో చివరి వరస నుంచి, బురఖా వేసుకున్న ఒకామె లేచి నిలబడింది.

షామియానా కింద కూర్చున్న వాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు.

దేవసహాయం చనిపోయి అయిదు రోజులైంది. ఆయన గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే చెప్పవచ్చని పాస్టరుగారు అన్నారు. అప్పటికే నలుగురు చెప్పారు. మైకు లేకపోయినా మూడు వీధులకు వినబడేలా పాడేవాడని ఒకాయన అంటే, ఏడుస్తున్న వాళ్లు కూడా నవ్వారు.

దేవసహాయం భార్య ఆదెమ్మ మాత్రం లేచిన మనిషిని చూడగానే గుర్తుపట్టింది.

ఆ లేచినామె నరసరావుపేట ఆసుపత్రిలో వార్డు తుడిచే ఆయా. దేవసహాయం పోయిన రోజు మధ్యాహ్నం మంచం పక్కనే తడిగుడ్డ పెడుతూ అంతా విన్నది ఆమే.

ఆ రోజు దేవసహాయం చెయ్యి చాపి, ప్రార్థన చెయ్యమని అడిగాడు.

నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేని ఆదెమ్మకు విసుగొచ్చింది.

"పొద్దున చేశాగా. ఎన్నిసార్లు చెయ్యాలి? దేవుడికేమన్నా చెవుడా?"

ఆ మాట అని, టీ తాగడానికి కిందికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి మోకరిస్తే నోట మాట రావడం లేదు. చుట్టాలు అది దుఃఖమనుకున్నారు.

ఇప్పుడు సంఘమంతా వినబోతోంది.

"ఆమె మా మనిషి కాదయ్యగారూ. కూర్చోమనండి," అంది ఆదెమ్మ.

పాస్టరుగారు తటపటాయించారు. నరసరావుపేట నుంచి వచ్చానని, రెండు నిమిషాలు చాలని ఆయా బతిమాలింది. భోజనాల వేళ దాటిపోతోందని ఎవరో తొందరపెట్టారు. బిర్యానీ వాసన నరసరావుపేట దాకా కొట్టినట్టుందని పక్క వరసలో ఒకడు గొణిగాడు. కొందరు నవ్వారు.

ఆదెమ్మ ఆ నవ్వును ఆపలేదు.

ఆయా ఎవరినీ ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని, మంచినీళ్లు కూడా ముట్టకుండా, క్రోసూరు బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయింది.

రహస్యం నిలిచింది. ఆదెమ్మకు మాత్రం ఊపిరాడలేదు.

ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుంటే, ఆమె కళ్లు తెరుచుకుని నేల వంక చూసేది. పరలోకంలో నీ భర్తను మళ్లీ చూస్తావమ్మా అని పాస్టరుగారు ధైర్యం చెబితే ఆమెకు భయం వేసేది. ఏ ముఖం పెట్టుకుని చూడాలి?

నెల తర్వాత, భర్త కాగితాల కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజు, ముందుగా ఆయా కోసం వెతికింది. ఒక్కరి దగ్గరైనా తప్పు ఒప్పుకోవాలనిపించింది.

ఆ ఆయా పేరు మహమూదా అని, గుండెనొప్పితో పోయి పది రోజులైందని నర్సు చెప్పింది. ఇంటికి దారి కూడా చెప్పింది.

ఆ ఇంట్లో ఆ రోజు పదో దినం. చాపల మీద ఆడవాళ్లు నిండుగా కూర్చుని ఉన్నారు. ఆదెమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

నువ్వెవరని ఒక్కరూ అడగలేదు. జరిగి చోటిచ్చారు. ఒకామె మంచినీళ్లు తెచ్చింది.

ఆదెమ్మ ఆ గ్లాసును తాగకుండానే పక్కన పెట్టింది.

మహమూదా కూతురు ఫరా వచ్చి పక్కన కూర్చుంది.

"మీ అమ్మ మా ఇంటికొచ్చి సాక్ష్యం చెబుతానంటే, నేను చెప్పనివ్వలేదమ్మా," అంది ఆదెమ్మ తల దించుకుని.

ఫరా ఆమె ముఖంలోకి చూసింది.

"క్రోసూరు ఆదెమ్మ అంటే మీరేనా పిన్నీ?"

"నా పేరు నీకెట్టా తెలుసు?"

"అమ్మ చెప్పింది. అమ్మకు ఆయన చెప్పాడంట."

ఫరా మెల్లగా చెప్పుకొచ్చింది. ఆదెమ్మ కిందికి వెళ్లాక దేవసహాయం మహమూదాను పిలిచి, నువ్వన్నా ప్రార్థన చెయ్యమ్మా అని అడిగాడట. మీ ప్రార్థన నాకు రాదయ్యా అంటే, నీకొచ్చిందే చెయ్యమన్నాడట. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుందట. ఏమని అడగాలని అడిగిందట.

"ఏమన్నాడు?" అంది ఆదెమ్మ.

"'మా ఆదెమ్మ చానా అలిసిపోయింది. విసుక్కున్నానని తర్వాత కుమిలిపోద్ది. అది దాని మనసులో ఉండకుండా చెయ్యమని అడుగు' అన్నాడంట పిన్నీ. అమ్మ అడిగింది. ఆయన ఆమెన్ అన్నాడంట. అదే ఆఖరు మాట."

ఆదెమ్మ చీర కొంగు తల మీదికి కప్పుకుంది.

తర్వాత ఆ చాప మీదే మోకరించింది. నెల రోజులుగా బిగుసుకుపోయిన నోరు పెగిలింది. తను అన్న మాట పైకి చెప్పి, మన్నించమని ప్రభువును వేడుకుంది. నీ దగ్గరున్న నా మనిషిని చూసే రోజున తల ఎత్తుకుని చూసేలా చెయ్యమంది. ఆ మనిషి చెయ్యి పట్టుకున్న తల్లిని కూడా నీ దగ్గరే ఉంచుకో తండ్రీ అంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె ముగించేదాకా తలలు వంచుకుని కూర్చున్నారు.

ఫరా ఆమెను లేపి, కళ్లు తుడిచింది.

"అమ్మ మళ్లీ మీ ఊరొస్తానంది పిన్నీ, రాలేకపోయింది. కానీ మీ ఇంటి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మొదలు పోయేరోజు దాకా, నమాజు చేసిన ప్రతిసారీ మీ కోసం అదే అడుగుతానే ఉంది."