చుట్టాల కోసం ఐసు

“గోలు ఆ పక్క కదే నయనా!”

ఊరిగాం మైదానంలో పిల్లలంతా పగలబడి నవ్వారు. సొంత గోలు వైపే బంతి తన్నుకుంటూ పోతున్న నయన ఇంకో నాలుగడుగులేసి దబ్బున కూలిపోయింది.

పీటీ టీచర్ నేత్రావతి పరుగెత్తింది. పిల్ల మెడ మీద చెయ్యి పెడితే కాలిన పెనంలా ఉంది.

“నా బూట్లు యాడ మేడం?” అంటోంది నయన. బూట్లు కాళ్ళకే ఉన్నాయి.

“ఆస్పత్రికి ఎత్తుకుపోదాం!” అన్నాడు అవతలి జట్టు కోచ్ రామచంద్ర.

“అంబులెన్స్ వచ్చేకి ఇరవై నిమిషాలంటప్పా. అంతసేపు ఇట్లే కాగితే పిల్ల దక్కదు. ముందు చల్లబరచాల. ఐసు కావాల!” అంది నేత్రావతి.

పొద్దున్నుంచీ ఊరంతా కరెంటు లేదు. డబ్బాలో తెచ్చిన ఐసు ఆట సగంలోనే నీళ్ళయిపోయింది. కుళాయి తిప్పితే టీకి పనికొచ్చేంత వేడి నీళ్ళు.

అప్పుడే గేటు ముందు నుంచి బచ్చప్ప లగేజీ ఆటో నీళ్ళు కారుస్తూ పోతోంది. నేత్రావతి వెళ్ళి అడ్డం నిలబడింది.

“లోపల ఏముండాదన్నా?”

“ఐసమ్మా.”

బచ్చప్ప మాట నమ్మేదెవరు? పోయిన నెల గోలు వెనక నక్కి విజిలేసి, జరిగే ఆట ఆపించిన మనిషి. ఆమే గోనెపట్టా ఎత్తి చూసింది. రంపప్పొట్టులో నిజంగానే రెండు ఐసు దిమ్మలు.

“రెండూ దించు!”

“ఇంటికమ్మా ఇవి. ఇంటినిండా చుట్టాలొచ్చినారు. ఫ్యాక్టరీలో ఇవే ఆఖరివి. ఇంగ కరెంటొస్తేనే.”

ఆటోలో ఫోను మోగింది. స్పీకర్లో తమ్ముడు నందీశ్. “అన్నా, చెల్లెలు రేపు పొద్దునకి గానీ చేరదంట. అంతదాకా ఐసు చాలుతాదా?”

బచ్చప్ప ఫోను పెట్టేశాడు.

“మీ చెల్లెలికి జ్యూసు ఇంగో పొద్దు తాపొచ్చు! ఈడ పిల్ల చచ్చిపోతా ఉండాది!” అని అరిచింది నేత్రావతి.

బచ్చప్ప నయన వైపు చూశాడు. పిల్ల కళ్ళు తేలేసింది.

“మా కావేరి ఇంగ నాతో జన్మలో మాట్లాడదు, చెప్పుండాను” అంటూ నవ్వి, జాకీ రాడ్డు తీసి దిమ్మ మీద ఒక్కటేశాడు.

పోటీల ఫ్లెక్సీని పీకి, ఆరుగురు అంచులు పట్టుకుని తొట్టిలా చేశారు. నయనను అందులో పడుకోబెట్టి, తల పైకి పట్టుకుని, నీళ్ళూ ఐసూ కుమ్మరించారు.

“ఐసు పోస్తే జన్ని కొడతాది తల్లీ!” అని ఏడ్చింది మైదానం ఊడ్చే తాయమ్మ.

“కొట్టనీ. బతికుంటే చూసుకుందాం. ఫ్లెక్సీ ఊపండి, ఆపొద్దు!” అంది నేత్రావతి.

మొదటి దిమ్మ కరిగిపోయింది. పిల్లలో పలుకు లేదు. ఎవరూ అడగకముందే బచ్చప్ప రెండోది పగలగొట్టాడు.

“నయనా! నయనా!”

“...చలి మేడం. మనం గెలిచినామా?”

“సొంత గోలులోకి కొట్టబోయి గెలుపంట! దీని మొగం చూడండి!” అన్నాడు బచ్చప్ప. అందరూ ఏడుస్తూనే నవ్వారు.

అంబులెన్స్ వచ్చింది. మిగతా పిల్లల్ని చూసుకొమ్మని నేత్రావతికి చెప్పి, నయనతో పాటు రామచంద్ర ఎక్కాడు. నేత్రావతి గ్లాసుతో నిమ్మరసం తెచ్చింది. ఎప్పుడూ అడక్కుండానే రెండు గ్లాసులు లాగించే బచ్చప్ప తల అడ్డంగా ఊపాడు.

“ఈ పొద్దు వద్దమ్మా.”

ఆమె అతని చేతులు పట్టుకోబోయింది. అతను వెనక్కి జరిగాడు.

“తాకొద్దమ్మా. ఒళ్ళంతా రంపప్పొట్టు.”

“ఐసు నేనే లాక్కున్నానని మీ చెల్లెలికి చెప్తానన్నా.”

“నువ్వే చెప్పాల. నేను చెప్తే తమాషా అనుకుంటాది.”

ఖాళీ గోనెపట్టా మడిచి ఆటోలో వేసి, బచ్చప్ప ఫోను తీశాడు.

“నందీశా, కావేరి కోసం ఆగలేం, నాయన్ని ఈ పొద్దే మట్టి చేసేద్దాం.”