గురువుగారి మంచినీళ్లు

"ఇందులో ఏమైనా మార్చారా, అంతా పాతదేనా?" అంటూ మ్యూజియం ఆఫీసరు గోడమీది ఎయిర్‌గన్ తీసి మెకానిక్ చేతిలో పెట్టాడు.

ఎయిర్‌గన్ల విషయంలో ఆ ఇంటి పెద్దాయన మాటకు తిరుగులేదు. ఆయన పోయాక అసలూ నకిలీ తేల్చే బరువు శిష్యుడైన మెకానిక్ నెత్తిన పడింది. ఇవాళ ఆయన సేకరణంతా మ్యూజియానికి వెళ్తోంది.

మెకానిక్ గొట్టం మడిచి బిగించాడు. స్ప్రింగు ఒక్కసారి కిర్రుమంది. గంభీరంగా లేచాడు.

"ఉండండి, మంచినీళ్లు తాగొచ్చి చెప్తాను."

"ఇప్పుడా?"

"మా గురువుగారి పద్ధతండీ. లోపలికెళ్లి గ్లాసుడు నీళ్లు తాగితే గానీ నోరు విప్పేవారు కాదు. ఇరవయ్యేళ్లుగా నా షాపులో నేనూ అంతే. దాహం లేకపోయినా తాగుతాను."

వంటగదిలో పెద్దాయన భార్య గ్లాసు అందిస్తూ అలవాటుగా అనేసింది. "స్ప్రింగు మార్చారు. పాతదైతే రెండుసార్లు కిర్రుమంటుంది."

మెకానిక్‌కి పొలమారింది. "అమ్మా! అంటే గురువుగారు నీళ్లకని వచ్చేది..."

"తయారైన ఏడాది దగ్గర్నుంచి అన్నీ ఆయనకి కొట్టినపిండే. సన్న చప్పుళ్లే వినపడేవి కావు. ఎవరికీ చెప్పొద్దనేవారు." ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మరి నువ్వు, నాయనా, ఇరవయ్యేళ్లుగా ఎవర్ని అడగడానికి తాగుతున్నావు?"

హాల్లోంచి ఆఫీసరు కేకేశాడు. "ఏమండీ, తేలిందా?"

"స్ప్రింగు మార్చారండీ!" అని అరిచి, మెకానిక్ ఖాళీ గ్లాసు చాపాడు.

"నింపమ్మా. గోడమీద ఇంకా అరవై ఉన్నాయి."