గిజిగాడి మొదటి ముడి

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద గిజిగాడు గూళ్ళు అల్లి తోటి పిట్టలకు ఇచ్చేవాడు. కొమ్మకు వేసే మొదటి ముడి మాత్రం ఎవరి కంటా పడనిచ్చేవాడు కాదు.

అలా గూడు తీసుకున్న ఒక పిచ్చుక గుడ్లు పెట్టిందో లేదో, దాని గూడు ఒక పక్కకు ఒరిగింది. పిచ్చుక గిజిగాడి దగ్గరకు ఎగిరివెళ్ళింది.

"గిజిగాడన్నా, ఆ ముడి ఎలా వేశావో చెప్పు. నేనే బాగుచేసుకుంటా."

"ఇంకా ఆ పాత గూడేమిటే? కొత్తవి అల్లుతున్నాగా, అందులోకి మారిపో."

"గుడ్లు వదిలేసి ఎలా మారను అన్నా?"

"సరేలే, వానలు వెళ్ళాక చెబుతా. ఇప్పుడు తీరిక లేదు."

పిచ్చుక ఆగలేక, తనకు తోచినట్టు ఆ ముడి మీద ఈతపీచు బిర్రుగా చుట్టింది. మర్నాడే గాలివాన వచ్చింది. ముడి పుటుక్కున తెగి, గూడు గుడ్లతో సహా వాగులో కొట్టుకుపోయింది.

వానలు వెళ్ళాక గిజిగాడు అన్న మాట నిలబెట్టుకున్నాడు. పిట్టలన్నిటినీ పిలిచి ముడి వేసి చూపించాడు.

"ఇది గాలికి కాస్త ఊగాలి. బిగించారో, తెగిపోతుంది" అన్నాడు.

ఎంత పెద్ద మనసో అని పిట్టలన్నీ మెచ్చుకున్నాయి.

అందరూ ఎగిరిపోయాక, పిచ్చుక తన గూడు వేలాడిన ఖాళీ కొమ్మకు ఆ ముడి వేసింది. చక్కగా కుదిరింది. గాలికి ఊగుతున్న ఆ ముడిని చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది.