పైపు మూతి మీద పేరు

సముద్రం చూపిస్తానని నా మొగుడు కుర్మయ్య నన్ను రాజోలి నుంచి ఇంత దూరం తీసుకొచ్చి, ఒక మురుగు పైపు ముందు నిలబెట్టాడు.

వెనక గుర్రపు స్వారీలు, బజ్జీల బండ్లు, రంగులరాట్నం. ముందు నల్లగా, చిక్కగా సముద్రంలోకి పారుతున్న మురుగు. ఆ నీళ్లలోనే జనం కేరింతలు కొడుతూ మునుగుతున్నారు. కొంగుతో ముక్కు మూసుకున్నాను.

ఆయన మాత్రం దూరంగానే చెప్పులు విడిచి వచ్చాడు.

"గుడికి వచ్చినట్టు చెప్పులు ఇడిచినవేందయ్యా ఈ గలీజుల? థూ! ఈ కాలువ తవ్వినోని చేతులు పడిపోను!"

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ పేరు రాసిన మంచినీళ్ల పైపు చూపిస్తనంటివి గద, యాడుంది?"

"గది ఈడ గాదులే. పోదాం పా."

పదిహేనేళ్ల కింద ఇక్కడికి కూలికి వచ్చాడు. మంచినీళ్ల పైపుకని మేస్త్రీ చెప్పాడట. గంగమ్మ వచ్చే దారని కొబ్బరికాయ కొట్టి, పని అయ్యేదాకా పైపుకు తవ్విన గుంటలోకి చెప్పులతో దిగలేదట. ఈ సంగతి ఆయన చెప్పని మనిషి మా ఊళ్లో లేడు.

తిరగబోతూ పైపు మూతి చూశాను. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు వేలితో రాసిన అక్షరాలు: కుర్మయ్య, రాజోలి. వాటి కిందనే ఊరి మురుగంతా పడుతోంది.

నేనే వెళ్లి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టాను.

"ఏస్కోవయ్యా. గంగమ్మ ఈడ లేదు."