ఐదో మొహం

“ఇతనెవరండీ?”

భర్త బూట్ల లేసులు కట్టుకుంటూనే ఆమె చేతిలోని ఫోనులోకి తొంగిచూశాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తెల్లారేసరికి ఎవరో ఒకరు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని ఆయన కోసం ఎదురుచూస్తుంటారు.

“ఏమో. మీ వైపు చుట్టమేమో.”

“మా వైపు వాళ్ళయితే మీకెందుకు గుర్తుంటారులెండి,” అంది గానీ, ఆమె గొంతులో వేళాకోళం లేదు.

రెండు నెలల కిందట ఫోనులో చోటు చాలక, నాలుగేళ్ల ఫోటోలన్నీ ఒక ఉచిత ఆల్బం సైటులోకి ఎక్కించేసింది. షరతులంటూ చాంతాడంత వచ్చిన రాతను చదవకుండానే ‘సరే’ నొక్కింది. మళ్ళీ ఇవాళే తెరవడం. సైటు తనంతట తనే మొహాలన్నీ ఏరి, ఒక్కొక్కరినీ ఒక్కో గుండ్రంలో పెట్టి ఉంచింది. మొదటి గుండ్రంలో పాప, రెండోదాంట్లో భర్త, తర్వాత అత్తగారు, ఆ తర్వాత తమ్ముడు. ఫోటోలు తీసేది ఎప్పుడూ తనే కాబట్టి ఆమెకు గుండ్రమే లేదు. ఐదోదాంట్లో నీలం టోపీ పెట్టుకున్న ఎవరో మగమనిషి. కింద ‘63 ఫోటోలు. పేరు చెప్పండి’ అని ఉంది.

ఒక్కొక్కటే తెరిచింది. పార్కులో పాప జారుడుబల్ల ఎక్కితే, వెనుక అతను. పళ్ల డాక్టరు దగ్గర కుర్చీల వరుసలో అతను. బడి ఆటల పోటీల్లో, బస్‌స్టాపులో, జూలో ఏనుగు ముందు, అతనే. సగం ఫోటోల్లో ఫోను ఎత్తి ఇటే గురిపెట్టి ఉన్నాడు. ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న ఓ చిన్నపిల్ల వీపు కూడా కొన్నింట్లో పడింది గానీ, పిల్లలు ఆడుకునే చోట పిల్లలు పడక ఇంకేం పడతారు? ఆమె కళ్ళు టోపీని వదల్లేదు.

“పక్క వీధివాడై ఉంటాడు. ఊరికే బెంబేలెత్తకు,” అన్నాడు భర్త పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ.

“అరవైమూడు ఫోటోలండీ. మా అమ్మ కూడా ఇన్నింట్లో పడలేదు.”

ఆయన వెళ్ళాక ఇంకో సంగతి కంటపడింది. ఆ ఆల్బం ఎవరైనా చూడొచ్చట. ఈ నెలలో నూట పన్నెండుసార్లు ఎవరో చూశారు కూడా. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ఫోటోల్లో ఏం లేదు గనక? పాప బడి బ్యాడ్జీ, ఇంటి నంబరు, పాప పడుకునే గది కిటికీ. అన్నీ తన చేతులతోనే తీసి, తన చేతులతోనే వీధిలో పెట్టింది. మొత్తం చెరిపేద్దామని వేలు మీట దాకా తెచ్చి, సాక్ష్యం పోతుందేమోనని ఆగింది.

ఆ రోజు తను పనిచేసే కళ్లజోళ్ల షాపులో ఆమె ధ్యాస పని మీద లేదు. ఒక పెద్దాయనకు కుడికంటి అద్దం ఎడమ పక్కన బిగించి ఇచ్చింది. తలుపు తోసుకుని వచ్చిన ప్రతి మగవాడి నెత్తి వైపే ముందు చూసింది. మధ్యాహ్నం తలనొప్పని యజమానికి చెప్పి బడికి పరిగెత్తింది.

“నీలం టోపీ పెట్టుకునే ఆయన నీకు తెలుసా తల్లీ?”

“టోపీ అంకులా? పార్కుకొస్తాడుగా. నాకు బై కూడా చెప్తాడు. ఈ మధ్య రావట్లేదు. వాళ్ళ…”

“చాలు. ఇంకెప్పుడూ ఆయనతో మాట్లాడకు.”

ఈ మధ్య రావట్లేదంటే, కనపడకుండా ఎక్కడో నిలబడి చూస్తున్నాడన్నమాట. రేపట్నుంచి పాపకు బడి లేదు, పార్కు లేదు. వీలైతే ఈ ఇల్లే వద్దు. పాప చెయ్యి వదలకుండానే పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

అక్కడున్న ఆఫీసరమ్మ వయసులో ఆమెకంటే చిన్నదే. చెప్పిందంతా విని, ఫోనులో నీలం టోపీని చూసి, ఆ తర్వాత ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

“మీ కళ్లజోడు ఎప్పుడూ ఇదేనా?”

“ఈ ఆకుపచ్చదా? ఐదేళ్లయింది. ఊరందరికీ కొత్తవి అమ్ముతాను గానీ, నాది మార్చుకునే తీరిక ఎక్కడ? ఎందుకండీ?”

ఆఫీసరమ్మ బీరువాలోంచి ఒక ఫైలు తీసింది.

“మూడు వారాల కిందట ఒక తండ్రి వచ్చాడు. తన పాపను ఎవరో వెంటాడుతూ ఫోటోలు తీస్తున్నారన్నాడు. ఆయన ఆల్బంలోనూ ఒకే మొహాన్ని ఈ సైటే పట్టి చూపించిందట. ఆ ఫోటోలు తీస్తున్నవాళ్ల ఆల్బం కూడా ఆ సైటులోనే అందరికీ కనపడేలా దొరికితే, రోజూ తెరిచి చూస్తూ వణికిపోయాడు. పాపను బడి మానిపించాడు. ఇల్లు కూడా మారిపోయాడు.”

“అయితే ఆ దుర్మార్గుడికి మా పాప ఒక్కతే కాదన్నమాట.” ఆమె పాపను దగ్గరికి లాక్కుంది. ఆ తండ్రి ఎవరో గానీ, చూడకుండానే జాలేసింది. “పట్టుకోండి మేడమ్. ఆయన ఇంట్లోనైనా కంటి మీదికి కునుకొస్తుంది.”

ఆఫీసరమ్మ ఆ తండ్రి ఇచ్చిన ఫోటోలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. జారుడుబల్ల దగ్గర, బస్‌స్టాపులో, ఏనుగు ముందు, ఎర్ర రిబ్బన్ల చిన్నపిల్ల నవ్వుతూ నిలబడి ఉంది. ఆమె ఆత్రంగా ముందుకు వంగి నీలం టోపీ కోసం వెతికింది. టోపీ ఒక్కదాంట్లోనూ లేదు.

ప్రతిదాంట్లోనూ ఆ పిల్ల వెనుక, ఆకుపచ్చ కళ్లజోడుతో, ఫోను గురిపెట్టి, తనే నిలబడి ఉంది.