కట్టిన చెయ్యి

సఫూరా ముందున్న మిరపకాయల కుప్ప సగానికి తగ్గింది. ఎదురుగా గోడకి ఆనుకున్న అత్త ఖుర్షిదా ఒళ్ళో మాత్రం పోసిన కాయలు పోసినట్టే ఉన్నాయి.

"తొడిమ పట్టుకో అత్తా. ఒక్కటి తియ్యి చాలు."

"రాదే. చచ్చుబడిన చేత్తో ఏం తీస్తాను? ఆ ఎడమ చెయ్యి విప్పు."

సఫూరా విప్పలేదు. పక్షవాతంతో అత్త కుడిచెయ్యి పడిపోయింది. వేళ్ళు కాస్త ఆడతాయి గానీ చెయ్యి ఒళ్ళోంచి లేవదు. ఈ జబ్బు మీద పరిశోధన కోసం గుంటూరు నుంచి వచ్చే ఫర్హానా, బాగున్న ఎడమచేతిని రోజూ కొంతసేపు కట్టేయమంది. "వాడని చేతిని మెదడు వదిలేస్తుందండీ. తప్పనిసరైతే మళ్ళీ దారి వెతుక్కుంటుంది" అని చెప్పింది. ఎడమచేత్తో తినలేక, కోడలు పెట్టే ముద్దకి నోరు తెరవలేక, మొదట్లో అత్తే తువ్వాలు అడిగి మరీ కట్టించుకుంది.

ఇప్పుడు ఆమెకూ ఓపిక లేదు, సఫూరాకూ లేదు. పొద్దున ఆటో తీస్తూ భర్త ఖలీల్ తేల్చి చెప్పేశాడు. "రేపు ఆ ఫర్హానాని ఇక రావద్దంటాను. మా అమ్మని ఏడిపించింది చాలు."

పక్కింటి వెంకటరావమ్మ పెరుగు గిన్నెతో లోపలికొచ్చింది.

"ఏమ్మాయ్, దూడని కట్టినట్టు కట్టేశావు! అత్తంటే అంత కసా నీకు?"

"చేతికి మంచిదంట పిన్నీ."

"ఆ చెప్పినావిడని వాళ్ళత్తని కట్టేసుకోమను."

"విప్పు వెంకటరావమ్మా, నీకు పుణ్యముంటుంది." ఖుర్షిదా బతిమాలింది.

వెంకటరావమ్మ గిన్నె కింద పెట్టి, వంగి ముడి మీద చెయ్యి వేసింది. సఫూరా మోకాళ్ళ మీద ముందుకు జరిగి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఈ ఒక్కపూట ఆగు పిన్నీ. రేపట్నుంచి ఎటూ కట్టను."

"వదలవే!" అత్త అరిచింది.

అత్త దెబ్బ సఫూరా చెంప మీద పడింది. గట్టి దెబ్బేం కాదు. కానీ మిరప ఘాటు అంటుకుని చెంప భగ్గున మండింది.

"బాగా అయింది" అంది వెంకటరావమ్మ.

సఫూరా ఏడవలేదు. కొంగుతో చెంప తుడుచుకుంది. ఒళ్ళోని తొడిమలు దులుపుకుని లేచి, ఎవరివంకా చూడకుండా గడప దాటి వెళ్ళిపోయింది.

"పోనీలే వదినా, తనే వస్తుంది" అంటూ ఖుర్షిదా వైపు తిరిగిన వెంకటరావమ్మ అలాగే ఉండిపోయింది.

ఎడమచేతి ముడి ఇంకా బిగిసే ఉంది.